అన్నమాటనే యనిన బాలుడు



నేను ముప్పదినాలుగేండ్లు ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి, 2017వ సంవత్సరమున విశ్రాంతి పొందినవాడను. ఇప్పుడు హైదరాబాదు నగరమునకు ఆగ్నేయ దెసనున్న అల్మాస్‌గూడలో కాపురమున్నాను. పారసీక భాషలో అల్మాసనగా వజ్రము. ఒకప్పుడు పొలములుండిన యీ చోట నేడు ఇండ్లు క్రిక్కిఱిసి యున్నవి. దిల్‌సుఖ్‌నగరమునకును ఎల్.బి. నగరమునకును పనికి పోవువారు వేకువనే కదలిపోవుదురు. పగటివేళ ఇండ్లలో మిగులువారము మావంటి ముసలివారమును పసిపిల్లలును. తీరిక కలిగిన పంతులు బడిగంట వినబడగా నింట నిలువలేడు. అందుచేత గడచిన విద్యాసంవత్సరమున మా యింటికి సమీపమున నున్న యొక పాఠశాలకు తఱచుగా పోవుచుంటిని. అచ్చట నేను చూచినదానినే నేడు మీకు చెప్పవలెనని వచ్చితిని. కాని దానిని చెప్పుటకు ముందు, అంతకు చాల యేండ్ల క్రిందట నేను చేసిన యొక తప్పును చెప్పక తీఱదు.

అది 1987వ సంవత్సరము. నల్లగొండ జిల్లాలో నొక గ్రామమున నేనుంటిని. ఆఱవ తరగతిలోనికి క్రొత్తగా నొక బాలుడు వచ్చెను. వాని పేరు చెప్పను. వాడు నేటికిని జీవించియున్నాడు. మొదటి దినమున నేను, "నీ పేరేమిరా?" అని యడిగితిని. వాడు గోడవైపు చూచుచు, "నీ పేరేమిరా?" అనెను. తరగతి యంతయు గొల్లుమనెను. నాకు కోపము వచ్చెను. "ఎగతాళి చేయుచున్నావా?" అంటిని. "ఎగతాళి చేయుచున్నావా?" అని వాడు మరల ననెను. ఆ పలుకు నా పలుకే. ఆ యుచ్చారణము నా యుచ్చారణమే. చింతబఱికె తీసి నాలుగు వేసితిని. వాడు ఏడ్వలేదు, చెవులు రెండును మూసికొని ముందునకు వెనుకకు నూగసాగెను. దానిని కూడ నేను మొండితన మనియే యెంచితిని.

తరువాత తెలిసిన సంగతి యేమనగా, వానికి నేను చెప్పిన పద్యములన్నియు వచ్చును. ఒక్కమాఱు విన్నచో చాలును. అయితే పద్యమొక్కటియే కాదు. నడుమ నేను దగ్గినచో ఆ దగ్గును, ఎవనినో కసరినచో ఆ కసరును, చివర "కూర్చోరా" అన్నచో ఆ మాటను, అన్నియు కలిపి నా గొంతుతోనే యప్పగించును. అర్థము చెప్పుమన్నచో "అర్థము చెప్పుము" అనును. బడిగంట మ్రోగునప్పుడు బల్లక్రింద దూరును. తోడి పిల్లలతో నాడడు. చక్రము దొరకినచో దానిని త్రిప్పుచు పూటయంతయు గడపును. మూడు నెలలు చూచి, నేనే వాని తండ్రిని పిలిపించి, "వీనికి చదువబ్బదు, ఏదైన పనిలో పెట్టుము" అంటిని. ఆ తండ్రి మేకలు కాచుకొనువాడు. చేతులు కట్టుకొని నిలిచి, "ఏం జేద్దం సారూ, మీరు చెప్పినంక మాకేం దెల్సు" అనెను. మఱునాటినుండి ఆ బాలుడు బడికి రాలేదు. నేను వెంటనే యా సంగతి మఱచితిని.

వింత యేమనగా, ఆ సంవత్సరముననే నేను పై తరగతివారికి జడభరతుని కథ చెప్పితిని. లోకులు మూఢుడని త్రోసివేసినవానిని పల్లకి మోయ నియమించుటయు, క్రింద చీమలను త్రొక్కకుండ నడచుటచే పల్లకి యొడిదుడుకు కాగా, రహూగణ మహారాజు వానిని దూషించుటయు నెంతో రసవత్తరముగా వర్ణించితిని. రాజుదే తప్పని పిల్లలచేత వ్రాయించితిని. నా బల్లయెదుటనే యున్నవానిని మాత్రము చూడలేదు. ఇట్లనుటచే ఇట్టి పిల్లలందఱును మాఱువేషమున నున్న మహాజ్ఞానులని నేను చెప్పుచున్నానని తలపవలదు. అదియొక పొరపాటు. కొందఱకు జ్ఞాపకశక్తి మెండు, కొందఱకు మాటయే రాదు, కొందఱకు బుద్ధిమాంద్యము కూడ నుండును. వారు పిల్లలు, అంతే.

ఇప్పుడు దీని పేరు చెప్పెదను. వైద్యులు దీనిని ఆటిజమందురు. 1943లో అమెరికా దేశమున బాల్టిమోరు నగరమందలి లియో కానరను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరీక్షించి వ్రాసిన వ్యాసముతో నిది లోకమునకు తెలిసినది. మఱుసటి సంవత్సరమున వియన్నాలో హాన్స్ ఆస్పర్గరను నతడును ఇట్టి పిల్లలను గూర్చియే వ్రాసెను. ఆ పదము 'తాను' అను నర్థముగల గ్రీకుపదమునుండి పుట్టినది. హిందీవారు దీనిని స్వలీనత యనుచున్నారు, మనవారిలో కొందఱును ఆ మాటను గ్రహించినారు. పండితుడనైన నాకా పదము రుచింపలేదు. స్వలీనుడనగా తనలో తాను లీనమైనవాడు, యోగివంటివాడు. ఈ పిల్లలు కోరి తమలో మునుగుటలేదు. మనము వారివైపు వేసిన వంతెన పొట్టిది. కావున నేను ఆటిజమనియే యనెదను. చెవికి మోటైనను తప్పర్థ మియ్యదు.

ఇది యంటువ్యాధి కాదు. దయ్యము కాదు, దృష్టి కాదు, పూర్వజన్మ పాపమును కాదు. మెదడు పెరుగు తీరులోనే పుట్టుకతో వచ్చిన భేదము. వంశానుగతమైన కారణములు దీనికి పెక్కు గలవని వైద్యశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఒకకాలమున తల్లి ప్రేమ చాలకపోవుటచే నిది కలుగునని పాశ్చాత్య వైద్యులే కొందఱు చెప్పి, ఎందఱో తల్లులను క్షోభపెట్టిరి. ఆ మాట వట్టిదని తేలినది. 1998లో ఇంగ్లండున నొక వైద్యుడు తట్టమ్మ టీకావలన నిది వచ్చునని వ్రాసెను. ఆ వ్యాసమునందు అసత్యములు కలవని తేలుటచే, దానిని ప్రకటించిన పత్రికయే 2010లో దానిని రద్దుచేసెను. ఈ సంగతిని మీరు మీ యూళ్లలో తప్పక చెప్పవలెను, ఏలయనగా ఆ పుకారు మాత్రము నేటికిని తిరుగుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్కచొప్పున నూఱుమంది పిల్లలలో సుమారొక్కరికి ఇది యుండును. అనగా పెద్ద గ్రామమేదియు నిట్టి బిడ్డ లేకుండ నుండదు. ఆడపిల్లలకంటె మగపిల్లలలో నెక్కువగా గుర్తింపబడుచున్నది. దీనిని పోగొట్టు మందు లేదు. పోగొట్టెదమని సొమ్ము గుంజువారు మాత్రము నగరమున కలరు. శిక్షణచేతను, పరిసరముల మార్పుచేతను, ఓర్పుచేతను ఆ బిడ్డ బ్రదుకు మేలుపడును. అది యెంత చిన్న వయసున మొదలైన నంత మంచిది.

మన చేరువనే యిందుకు గొప్ప యాధారమొకటి కలదు. సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వమువారు బుద్ధిమాంద్యముగల వారికొఱకు స్థాపించిన జాతీయ సంస్థ యది. భారతదేశపు పిల్లలలో ఆటిజమును కొలుచుటకు నలువది యంశములుగల కొలమాన మొకటి యా సంస్థయందే తయారై, 2009లో వెలువడెను. ఒక్కొక్క యంశమునకు ఒకటి మొదలు అయిదువఱకు గుణము లిత్తురు. మొత్తము డెబ్బదికి లోపడినచో ఆటిజము లేదనియు, ఆపైన స్వల్పము, మధ్యమము, తీవ్రము అనియు నిర్ణయింతురు. నేనా యంశములను చదివితిని. ఇతరుల కన్నులలోనికి చూడకుండుట, విన్నమాటనే తిరిగి పలుకుట, శబ్దములకు మిక్కిలి బెదరుట, చేసినపనినే చేయుట అనునవి చదువుచుండగా 1987నాటి యా బాలుడు నా కన్నులయెదుట నిలిచెను. బఱికె పట్టిన చేయి యెవరిదో కూడ కనబడెను.

ఇక మా ప్రక్క పాఠశాల సంగతి. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందుచున్న విద్యార్థులు ముగ్గురు, ఇద్దఱు బాలికలు, ఒక యువకుడు, తమ చదువులో భాగముగా కొన్ని వారములు పనినేర్చుకొనుటకై యచ్చటికి వచ్చిరి. ఇరువదేండ్లు నిండని పిల్లలు. ఇంటర్మీడియేటు ముగించి రెండేండ్ల శిక్షణలో చేరినవారు. 1992 నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలి యొప్పిన యర్హత యున్నగాని ప్రత్యేక బోధకుడుగా పనిచేయ వీలులేదు. ఆ యర్హతకు గ్రంథములు చదివిన చాలదు, పిల్లలతో పనిచేసిన యనుభవము కావలెను. మా కాలమున ఉపాధ్యాయ శిక్షణలో గడపిన యా కొన్ని వారములను మేము తంతుగా ముగించితిమి. అన్నగారి రికార్డు పుస్తకము చూచి తమ్ముడు వ్రాయుట మాలో నాచారము. ఈ ముగ్గురును అట్టివారే యని నేను మొదట తలచితిని. ఒకరి విషయమున నా తలంపు కొంత నిజమైనది కూడ. ఆ బాలికలలో నొకతె మూడవ వారమునకే విసిగి, ఎక్కువకాలము సెల్‌ఫోనుతో గడపెను. ఆమె సంగతి విడిచెదను.

రెండవ యామె సంగతి వేఱు. ఆమె కప్పగించిన బాలుడు ఎనిమిదేండ్లవాడు, రెండవ తరగతి. తండ్రి ఆటో నడపును. తల్లి యిండ్లలో పనిచేయును. తరగతిలో నలువదిమంది పిల్లలు, ఒక్క యుపాధ్యాయిని. ఈ బాలుడు కూర్చుండక వసారాలో గిఱగిఱ తిరుగుచుండును. ఉపాధ్యాయిని మంచిదే కాని యామె యేమి చేయగలదు? వానికి రాని పాఠము చెప్పునా, తక్కిన పిల్లలను చూచునా? ఆమెను తప్పుపట్టువారు ఒకదినము ఆ తరగతిలో నిలువవలెను.

శిక్షణార్థిని మొదటి మూడుదినములు వానిని పలుకరింపలేదు. వాడు తిరుగుచోట, కొంచెము దూరమున నేలపై కూర్చుండెను. "ఏమమ్మా, పని చేయక కూర్చుంటివి?" అని నేను కొంత యెత్తిపొడుపుగనే యడిగితిని. "వాడు ఏమంటున్నాడో వింటున్నాను సార్" అని బదులుచెప్పెను. అప్పుడు నేనును చెవియొగ్గితిని. వాడు గొణుగుచున్నది వట్టి గొణుగుడు కాదు. ఎల్.బి. నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ అని వరుసగా మియాపురమువఱకు నిరువదియేడు మెట్రో స్టేషన్లను చెప్పుచున్నాడు! రైలులో వినబడు ప్రకటనలు కూడ, ఏ ప్రక్క తలుపులు తెఱచుకొనునో సహా, ఆ గొంతుతోనే చెప్పుచున్నాడు. 2018లో ఎల్.బి. నగరమువఱకు మెట్రోరైలు వచ్చిన సంగతి మీలో పెక్కుమంది యెఱుగుదురు. తండ్రి సెలవుదినములలో వానిని ఆ రైలులో త్రిప్పుచుండునట. వానికదియే వేదము.

నాలుగవనాడామె సుద్దముక్కతో వసారాలో రెండు పట్టాలు గీసి, గుండ్రని స్టేషన్లు వేసెను. వాడు వచ్చి చూచెను. ఒక స్టేషను పేరు కావలెననియే తప్పు వ్రాసెను. వాడు కూర్చుండి, దానిని చెఱిపి, చూపుడువ్రేలితో సరియైన చోటు చూపెను. ఎనిమిదినెలలుగా బడిలో నెవరితోను పనిపెట్టుకొనని పిల్లవాడు!

ఆ తరువాత జరిగినదానిని క్లుప్తముగా చెప్పెదను. ఆమె అట్టముక్కలపై బొమ్మలు గీసెను. ప్రార్థన, తెలుగు, నీరు త్రాగుట, లెక్కలు, భోజనము, ఆట, ఇల్లు. వానిని దారమునకు వరుసగా తగిలించెను. ప్రతిపని యొక స్టేషను. ఒకటి ముగియగానే వాడే ఆ యట్టను తీసి డబ్బాలో వేయవలెను. "తరువాతి స్టేషన్, భోజనం" అని యామె చెప్పును, వాడు తిరిగి యనును, పోయి కూర్చుండును. ముందు ఏమి జరుగునో తెలియకపోవుటయే వానికి భయము. తెలిసిన పిమ్మట గిఱగిఱ తిరుగుట సగము తగ్గెను. ప్రశ్న యడిగిన పిదప ఆమె మనసులో పదివఱకు లెక్కించుకొని గాని మరల నడుగదు. మనము రెండుమాఱులు లెక్కించులోపలనే మూడవ ప్రశ్న వేసి, నాల్గవదానికి చేయియెత్తుదుము. వాడు చెప్పినమాటనే చెప్పినచో నామె కోపింపదు, నవ్వదు. "నీళ్లు కావాలా?" అనగా వాడు "నీళ్లు కావాలా" అనినచో, అది వాని భాషలో 'కావాలి' యని గ్రహించి, "నీళ్లు కావాలి" అని తాను పలికి, నీరిచ్చును. కొన్ని వారములకు వాడు "నీళ్లు కావాలి" అనెను. అదివిని నేను వసారా స్తంభము చాటునకు పోయి కన్నులు తుడుచుకొంటిని. ముప్పదినాలుగేండ్లు నేను భాష బోధించినవాడను. పలుకు తిరిగి చెప్పుట భాషకు తొలిమెట్టని నాకెవరును చెప్పలేదు. నేనును ఎవరిని అడుగలేదు. మూఢులైన రాజకుమారులకు విష్ణుశర్మ జంతువుల కథలతో నీతి నేర్పెనని మాత్రము ఏటేట చెప్పితిని.

అంతయు నిట్లు సాఫీగా జరిగినదనుకొనవలదు. మా ప్రక్కనే బాలాపురము. అచ్చటి గణపతి లడ్డు వేలము 1994నుండి ప్రసిద్ధికెక్కినది. ఆ దినములలో మా ప్రాంతమంతయు మండపములే. పాఠశాలకు ఎదురువీధిలోని మండపమున ధ్వనివర్ధకమును బడివైపునకు త్రిప్పిరి. ఒకనాడు మధ్యాహ్నమున డప్పులును పాటలును ఒక్కమాఱుగ మొదలుకాగా, ఆ బాలుడు చెవులు మూసికొని గోడకు తల కొట్టుకొనసాగెను. ఆనాడు శిక్షణార్థిని సెలవులో నుండెను. ఆ యువకుడు పరుగెత్తి వచ్చి, దెబ్బ తగులకుండవలెనను మంచి తలంపుతోనే వాని రెండుచేతులు గట్టిగా పట్టుకొనెను. వాడు మఱింత బెదరి యతని మణికట్టు కఱచెను. నెత్తురు వచ్చెను. యువకుడు చేయి విదలించుకొని, కొట్టుటకెత్తెను. ఎత్తిన చేయి గాలిలోనే నిలిచెను. నన్ను చూచి నిలిపెనో, తానే నిలిపెనో నాకు తెలియదు. ఉపాధ్యాయిని వచ్చి బాలుని లోపలిగదిలోనికి కొనిపోయి, తలుపు వేసి, దీపమార్పి, తానొక మూల మౌనముగా కూర్చుండెను. అరగంటకు వాడు కుదుటపడెను. అప్పుడు కావలసినది నిశ్శబ్దమును చీకటియు మాత్రమే, చేతులు కాదు.

ఆ సాయంకాలము ఆ యువకుడు మా యింటికి వచ్చెను. "నేను ఈ పనికి పనికిరాను సార్, మానేస్తాను" అనెను. చేతికి కట్టు కట్టియుండెను. నేనతనికి 1987నాటి సంగతి చెప్పితిని. అంతవఱకు దానిని నా భార్యకు కూడ చెప్పలేదు. అతడు చాలసేపు మాటాడలేదు. పిదప, "మీ చేయి ఆగలేదు కదా సార్" అనెను. ఆ మాట నాకు శూలమువలె తగిలినను, అతడన్నది నిజము. అతడు మానలేదు. తన రికార్డు పుస్తకమున ఆనాటి పుటలో జరిగినదంతయు, తాను చేయియెత్తిన సంగతితోకూడ, వ్రాసికొనెను. దానివలన గుణములు తగ్గునేమో, ఆ పుట చించివేయుమని తోడివారు చెప్పిరట. అతడు చింపలేదు. పనినేర్చుకొనుటకు వచ్చినవాడు నేర్చుకొనినదానిని వ్రాయవలెనే కాని, ముందే తెలిసినట్లు వ్రాయుట యెందులకు?

నేను చేసినది ఒక్కటే పని. మఱునాడు మండపమునకు పోయి, అచ్చటి యువకులతో, "నాయనలారా, గణపతికి చాటలవంటి చెవులు గలవు, ఎంత మెల్లగా పాడినను వినును, ఆ బిడ్డ చెవులు అట్టివి కావు" అని చెప్పి, బడివేళ ధ్వనివర్ధకమును వేఱువైపునకు త్రిప్పుమని వేడుకొంటిని. నవ్విరి, త్రిప్పిరి. రెండుదినములు పాటించి మూడవనాడు మఱచిరి. మరల పోయితిని. పెద్దలారా, ఈ పని యుపాధ్యాయులవలన కాదు. ఇరువదేండ్ల శిక్షణార్థిని పోయి వీధి యువకులకు చెప్పలేదు, చెప్పినను వినరు. ఇది తల నెఱసినవారు చేయవలసిన పని. బోనాలైనను జాతరయైనను పెండ్లియూరేగింపైనను, మీ మాటకు డప్పు ఒక్కక్షణ మాగును. బిడ్డను కోడలు చెడగొట్టినదని అత్తగారు నిష్ఠూరములాడునప్పుడు నోరుమూయించుటయు మీవలననే యగును. ఆ రెండవది మొదటిదానికంటె కష్టమని నాకు తెలియును.

వారముల గడువు దగ్గఱపడెను. శిక్షణార్థిని వెళ్లిపోవలెను. ఇట్టి పిల్లలకు పరిచితులైనవారు హఠాత్తుగా మాయమగుట పెద్ద దెబ్బ. ఇట్టి శిక్షణలలో దీనిని గూర్చి యాలోచించువారు తక్కువ. ఆమె పదిదినములు ముందుగా గోడపై నొక పటము గీసెను. పది స్టేషన్లు, చివరిదానియొద్ద 'అక్క ఇంటికి' అని వ్రాసెను. ప్రతిదినము వాడొక స్టేషనును కొట్టివేయుచు వచ్చెను. చివరినాడు ఆమె తన బొమ్మగల యట్టను వానిచేతి కిచ్చెను. వాడు దానిని చూచి, తానే డబ్బాలో వేసి మూతపెట్టెను. ఆమె యేడ్చినది, వాడు కాదు. అయితే మఱునాటి యుదయమున వాడు ఆ డబ్బా తెఱచి, ఆమె యట్టను తీసి దారమునకు తగిలించి, ద్వారమువైపు చూచుచు నిలిచెను. ఆ విధముగా ఎనిమిది దినములు చేసెను. తొమ్మిదవనాడు మానెను.

ఆమె యనంతర మెవరు? చట్టము కలదు. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరే లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టమున చేరినది. 2016 చట్టమున గుర్తించిన యిరువదియొక్క వైకల్యములలో నిదియొకటి. వైకల్యము నిర్ధారితమైన బాలబాలికలకు ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటివఱకు సమీపమందలి పాఠశాలలో ఉచితముగా చదువుకొను హక్కు ఆ చట్టమువలన కలదు. నేను 1987లో వెళ్లగొట్టినట్లు నేడెవరును వెళ్లగొట్టరాదు. ప్రాథమిక తరగతులలో ఇట్టి పదిమందికొకరు, పైతరగతులలో పదునైదుగురికొకరు చొప్పున ప్రత్యేక బోధకుడుండవలెనని 2021లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. చెప్పినది కాగితముమీద నున్నది. మా ప్రక్క బడిలో మాత్రము మండలమునకు చెందిన ప్రత్యేక బోధకుడు వారమున కొకమాఱు వచ్చిపోవును. నడుమ దినములలో సోమ, బుధ, శుక్రవారములు నేను పోయి కూర్చుండుచున్నాను. నాకు శిక్షణ లేదు. ఆ యమ్మాయి తన పద్ధతినంతయు పెద్ద యక్షరములతో నాకొక నోటుపుస్తకమున వ్రాసియిచ్చినది. దానిని చూచి చేయుచున్నాను. శిష్యురాలి రికార్డును గురువు చూచి వ్రాయుట ఇదియే ప్రథమము కావచ్చును.

సంక్రాంతి సెలవులలో నల్లగొండ జిల్లాలోని యా గ్రామమునకు పోయితిని. ఆ తండ్రి లేడు. బాలుడనుచున్నానుగాని వానికి నేడు ఏబదియేండ్లు సమీపించినవి. అన్న వదినెలయొద్ద నున్నాడు. చక్కగా చూచుకొనుచున్నారు, ఆ మాట చెప్పవలెను. మేకలను లెక్కించుటలో వానికి మించినవారు లేరట. మందలో నొకటి తప్పినను దూరమునుండియే కనిపెట్టునట. నేను దొడ్డిలోనికి పోయి నిలిచితిని. నన్ను చూడలేదు. నా పేరు చెప్పితిని, పలుకలేదు. నేను క్షమింపుమని యడుగుటకు పోయినవాడను, కాని యెట్లడుగుదును, ఆ మాట వానికెట్లు చేరును? ఏమియు తోచక, ఆఱవ తరగతిలో చెప్పిన యొక పద్యమునెత్తుకొంటిని. రెండవ పాదమున నాకు మఱపు వచ్చెను. అప్పుడు వాడు మేకలవైపే చూచుచు తక్కిన పద్యమును చదివెను. అది నా ముప్పదియేండ్లలోపు గొంతు. నడుమ నా దగ్గు. చివర, "కూర్చోరా" అనెను.

దొడ్డిలో రాతిపలకయొకటి యుండెను. దానిపై కూర్చుంటిని. వాడును కొంతసేపటికి వచ్చి, మూరెడు దూరమున కూర్చుండెను. వాని వదినె చాయ తెచ్చియిచ్చి, "ఎవ్వల పక్కన గూసోడు సారూ" అనెను. చీకటిపడువఱకు నుండి వచ్చితిని.

నాకిచ్చిన సమయము ముగియవచ్చినది. మీ యూర నిట్టి బిడ్డ యున్నచో, మండల కేంద్రములలో ప్రభుత్వమువారి భవిత కేంద్రములు గలవు, ప్రత్యేక బోధకు లచ్చట దొరకుదురు. వైకల్య ధ్రువపత్రము తీసికొనుడు. అది యున్నచో జాతీయ ట్రస్టువారి నిరామయ పథకము క్రింద ఏటికి లక్షరూపాయలవఱకు వైద్యపు ఖర్చునకు భీమా లభించును. బిడ్డ రెండేండ్లు నిండియు పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకున్నను, వ్రేలితో చూపి యేదియు నడుగకున్నను, వచ్చిన మాటలు పోయినను, 'మగపిల్లలకు మాట ఆలస్యముగా వచ్చును' అని వేచియుండక వైద్యునియొద్దకు పంపుడు. మొదట చెవులు పరీక్షింపించుడు. రేపు సోమవారము; దారమునకు తగిలించు అట్టలలో 'ఆట' అనునది చినిగినది, ఈ రాత్రి క్రొత్తది గీయవలెను. నా బొమ్మ లంత బాగుగా నుండవు. బాలుడు సరిదిద్దును. సెలవు.